పిల్లలతో పొలం పీతలు పట్టాలని ఉంది: జూలైలో కోనసీమ వస్తున్నాం

వైనతేయ ఒడ్డు
మార్చి 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది పి.గన్నవరం దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా స్వీడన్‌లో ఉంటున్నాం. పోయిన ఆగస్టులో పక్కింటివాళ్ళు మమ్మల్ని కుటుంబంతో సహా ఒక సరస్సు దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడి మంచినీటిలో క్రేఫిష్ అనే జీవి ఉంటుంది. పేరులో ఫిష్ ఉంది కానీ చేప కాదు. రొయ్యకు పీత డెక్కలు అతికించినట్టు ఉంటుంది. చేప ముక్క కట్టిన వల బుట్టలను సాయంత్రం నీళ్ళలో వదిలి తెల్లవారాక తీశాం. ఉప్పు నీళ్ళలో, డిల్ అనే మొక్క పువ్వులు వేసి ఉడికించి, చల్లార్చి, చేత్తో ఒలుచుకుని తినడమే వంట. కారం లేదు, పులుపు లేదు. చెట్లకు కాగితపు లాంతర్లు కట్టి, మెడలో గుడ్డలు చుట్టుకుని, ముసలివాళ్ళు కూడా పాటలు పాడారు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఆరు. కారులో తిరిగి వస్తుంటే అమ్మాయి అడిగింది, "మీ ఊళ్ళో ఇవి ఉంటాయా నాన్నా?" అని. ఇవి ఉండవు కానీ పీతలుంటాయి, రొయ్యలుంటాయి, నేను చిన్నప్పుడు బకెట్లు బకెట్లు పట్టేవాడిని అని చెప్పేశాను. నిజానికి నేను ఆఖరిసారి పీతను పట్టుకున్నది ఏడో తరగతిలో. అదీ అది నన్ను పట్టుకున్నాక.

జూలైలో మూడు వారాలు ఊరికి వస్తున్నాం. ఎక్కడ, ఎలా, ఏమి పట్టవచ్చు? పిల్లలు చేయగలిగినది కావాలి. పట్టినదాన్ని అక్కడే వండుకుని తినాలని కూడా ఉంది.

రిటైర్డు లస్కరు
మార్చి 9, రాత్రి 11:25

బాబూ, నేను ముప్పై ఏళ్ళు లాకుల మీద పనిచేసిన మనిషిని. మీరు జూలైలో వస్తే పెళ్ళి అయిపోయాక భోజనానికి వచ్చినట్టే. రావలసింది వేసవిలో, కాలువలు కట్టేసినప్పుడు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతకు వచ్చాక ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువల తలుపులు దించేస్తారు. నీరు రోజురోజుకూ దిగిపోయి చివరికి తూముల కింద, వంతెనల కింద మడుగులు మిగులుతాయి. ఏడాదంతా కాలువలో తిరిగినవన్నీ ఆ మడుగుల్లోనే చేరతాయి. ఊతలు, అంటే అడుగు లేని వెదురు బుట్టలు, ఉన్నవాళ్ళు వాటితో, లేనివాళ్ళు పాత చీరతో దిగేవారు. ఇద్దరు చీర కొసలు పట్టుకుని అడుగంటా ఈడ్చుకొస్తే జెల్లలు, మట్టగుడిసెలు, వాటితోపాటు గుప్పెడు రొయ్యలు. నీరు మోకాలు దాటదు కాబట్టి పిల్లలకు కూడా భయం లేదు. చింతచిగురు వచ్చేది కూడా ఆ రోజుల్లోనే. చింతచిగురూ కాలువ రొయ్యలూ ఒకే నెలలో ఇచ్చిన దేవుడు తెలివైనవాడు.

వైనతేయ ఒడ్డు
మార్చి 10, ఉదయం 6:05

బాబాయి గారూ, మీరు రాసినది చదువుతుంటే టికెట్లు రద్దు చేసుకోవాలనిపించింది. కానీ ఇక్కడ బడులకు సెలవులు జూన్ నడిమి నుంచి. అప్పటికి కాలువలకు నీరు వదిలేస్తారు కదా?

రిటైర్డు లస్కరు
మార్చి 10, ఉదయం 9:12

వదిలేస్తారు. జూలైలో కాలువ నిండుగా పారుతుంది, ఏట్లో ఎర్రనీరు వస్తుంది. ఆ రోజుల్లో పిల్లలను కాలువ గట్టుకు కూడా తీసుకెళ్ళవద్దు, నేను చూసినవి నాకు చాలు. ఇంకేమీ అడగకండి.

సరుగుడు తోట
మార్చి 10, మధ్యాహ్నం 1:30

అంత ఆలోచన ఎందుకు? అంతర్వేది వైపు రండి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉప్పుటేరులో మండపీతలు దొరుకుతాయి. ఒక్కోటి అరకిలో తూగుతుంది. పొలం పీతలో ఏముంటుంది, డిప్ప తప్ప?

చేపల పాఠం
మార్చి 10, మధ్యాహ్నం 2:15

అన్నగారూ, ఆరేళ్ళ పిల్లవాడి చేతికి మండపీతను ఇస్తారా? దాని డెక్క పెద్దవాడి వేలిని నలిపేయగలదు. అందుకే సంతలో డెక్కలు తాడుతో కట్టేసి అమ్ముతారు. పైగా మండపీత ఉప్పు కలిసిన నీటిలో, మడ చెట్ల బురదలో ఉండేది. వీరు అడుగుతున్నది మంచినీటి జీవి గురించి. ఎవరైనా కోరింగ పేరు ఎత్తబోతే ముందే చెబుతున్నాను, అది అభయారణ్యం. అక్కడ చెక్క వంతెన మీద నడిచి చూసి రావాలి, బుట్టతో దిగకూడదు.

వైనతేయ ఒడ్డు గారికి కొంచెం విషయం. మీరు చూసిన క్రేఫిష్ మన దేశపు నీళ్ళలో సహజంగా ఎక్కడా లేదు. మన గోదావరిలో దానికి దగ్గరి పోలిక నీలకంఠ రొయ్య. ముదిరిన మగదానికి రెండు పొడుగాటి డెక్కలుంటాయి, ముదురు నీలం రంగులో, ఒక్కోసారి ఒళ్ళంత పొడవున. మొత్తం రొయ్య అడుగు వరకూ పెరగగలదు. దాని బతుకు విచిత్రం. పెరిగేది మంచినీటిలో. గుడ్లు మోసే ఆడది మాత్రం ఏటి మొగ వైపు దిగాలి, ఎందుకంటే పిల్లలకు మొదటి రోజుల్లో కొంచెం ఉప్పు నీరు కావాలి. కాళ్ళూ చేతులూ వచ్చాక అవి ఒడ్డు పట్టుకుని మళ్ళీ ఎగువకు పాకుతూ వస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక మనకు అన్నం దొరికింది, వాటికి మాత్రం గోడ అడ్డం వచ్చింది. ఇప్పుడు జనం రొయ్య అనగానే చెరువుల్లోని వనామీ అనుకుంటారు. అది 2009 తరువాత మన చెరువుల్లోకి వచ్చిన పసిఫిక్ తీరపు రొయ్య.

మూడెకరాల రైతు
మార్చి 10, రాత్రి 8:50

ఇంతమంది ఇన్ని చెప్పారు, గట్టు మీద కూర్చున్న పీతను ఎవరూ చూడలేదు. జూలై అంటే సార్వా, అంటే వానాకాలం వరి, ఊడ్పుల కాలం. నాలుగు చినుకులు పడ్డ సాయంత్రం మా చేలగట్లకు రండి, పొలం పీతలు వాటంతట అవే షికారుకు వస్తాయి. మా గట్లకు అవి చేసే కన్నాలు చూస్తే మీకు ఏడుపు వస్తుంది. రాత్రి నీరు నిలబెట్టి పడుకుంటాను, తెల్లవారేసరికి పక్కవాడి చేలో ఉంటుంది. ఆయన పీతను తిట్టడు, నన్ను తిడతాడు. మీ పిల్లలు ఎన్ని పట్టుకెళ్తే నాకు అంత పుణ్యం.

పట్టే పద్ధతి చెబుతాను. రెండు బారల పురికొస, చివర ఎండుచేప తలకాయ లేదా కోడి పేగు. గాలం ముల్లు అక్కరలేదు, పిల్లలున్న చోట అసలు వద్దు. చేలకు నీళ్ళు పారే బోదెలో గట్టు వారగా వదలాలి. పీత వచ్చి పట్టుకుంటే కొస చిన్నగా వణుకుతుంది. అప్పుడు లాగేయకూడదు, అందరూ చేసే తప్పు అదే. దానికి అనుమానం రాకుండా, నిద్రపోయే పిల్లను ఉయ్యాలలోంచి తీసినట్టు తీయాలి. పైకి వస్తుండగా కింద బుట్ట పట్టాలి, ఎందుకంటే గాలి తగలగానే వదిలేస్తుంది. పీత లోభి. నీళ్ళలో ఉన్నంతసేపూ ఎర వదలదు.

కన్నంలో చెయ్యి పెట్టవద్దు. మా తాత పెట్టేవాడు, అందరి తాతలూ పెట్టేవారు. కన్నం మూతి దగ్గర తడి మట్టి ఉండలు ఉంటే లోపల పీత ఉన్నట్టు. సాలెగూడు కట్టి ఉంటే ఇల్లు ఖాళీ. కొంచెం పైన, పొడిగా, పొట్టు రాలి ఉంటే ఎలుకది. ఎలుక ఉన్న చోటికి ఎవరు వస్తారో చెప్పనక్కరలేదు కదా.

ఇంకొక మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. రైతును అడగకుండా పీతలు పట్టవద్దు. మర్యాద కోసం కాదు. చేలో పురుగుమందు గుళికలు వేసి ఎన్ని రోజులైందో ఆయనకే తెలుసు. మందు కొట్టిన చేలో పీతలు మత్తుగా, చేతికి అందేలా తిరుగుతుంటాయి. తేలికగా దొరికిన పీతను నమ్మకూడదు.

గాజుతొట్టి
మార్చి 11, ఉదయం 11:00

నాకు ఒక ఆలోచన వచ్చింది. మా తొట్టిలో ఎర్ర క్రేఫిష్ జత ఉంది, నగరంలో రంగు చేపలు అమ్మే కొట్లో కొన్నాను. పిల్లలు పెట్టింది, తొట్టి చాలడం లేదు. మా పెద్దమ్మ వాళ్ళ ఊరి చెరువులో వదిలేస్తే రెండేళ్ళలో మనకూ ఇక్కడే క్రేఫిష్ దొరుకుతుంది కదా? అందరూ పట్టుకోవచ్చు.

చేపల పాఠం
మార్చి 11, ఉదయం 11:04

వద్దు. దయచేసి వద్దు.

మూడెకరాల రైతు
మార్చి 11, ఉదయం 11:20

అది గట్టుకు కన్నం పెడుతుందా?

చేపల పాఠం
మార్చి 11, ఉదయం 11:48

పెడుతుందా అని నెమ్మదిగా అడుగుతున్నారా! అమెరికాలోని లూసియానాలో దీన్ని వరి మళ్ళలోనే పెంచుతారు. వరి కోశాక మళ్ళీ నీరు పెడితే బొరియల్లోంచి పిల్లలతో బయటికి వస్తుంది. అక్కడ అది సొంత ఊరు, పరవాలేదు. స్పెయిన్‌లో తెచ్చి వదిలాక వరి గట్లను జల్లెడ చేసింది. నీరు ఎండిపోతే నేలలోకి దిగి కూర్చుంటుంది, నీరు రాగానే లేస్తుంది. ఊడ్చిన నారును కొరుకుతుంది, కప్ప గుడ్లు తింటుంది. ఇలాంటిదానికి గోదావరి డెల్టా కంటే మంచి అత్తవారిల్లు ఎక్కడ దొరుకుతుంది?

గాజుతొట్టి గారూ, కోపం తెచ్చుకోకండి. కొన్న కొట్టువాళ్ళు తిరిగి తీసుకుంటారేమో అడగండి. కాలువలో మాత్రం కాదు, గిన్నెలో వేసి ఉడికించినా తప్పు లేదు.

వైనతేయ ఒడ్డు
మార్చి 11, మధ్యాహ్నం 3:30

దీని గురించి మా పక్కింటాయన చెప్పినది గుర్తొచ్చింది. స్వీడన్‌లో పాత సొంత జాతి వేరే ఉండేదట. 1907లో బయటినుంచి ఒక తెగులు వచ్చి సరస్సు తరువాత సరస్సు ఖాళీ చేసింది. ఆ లోటు పూడ్చడానికి 1960 నుంచి అమెరికా జాతిని తెచ్చి వదిలారు. తీరా చూస్తే ఆ జాతి తాను చావకుండా అదే తెగులును మోసుకు తిరుగుతుంది. మేము తిన్నవి ఆ అమెరికావే. ఒక నీటిలో వాడిన బుట్టను బాగా ఎండబెట్టకుండా ఇంకో నీటిలో దించనివ్వరు. మా అబ్బాయి తన చిన్న బుట్టను ఊరికి తెస్తానంటే వద్దన్నాను.

గాజుతొట్టి
మార్చి 11, సాయంత్రం 6:10

సరే, వదలను. ఇన్ని మాటలు పడతానని తెలిస్తే అడగకపోయేవాడిని, అడగకపోతే వదిలేసేవాడిని. కొట్లో అడిగి వచ్చాను, తీసుకుంటామన్నారు, డబ్బులు మాత్రం ఇవ్వరట.

మట్టిదాక
మార్చి 12, ఉదయం 10:35

వంట సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకే వచ్చాను. సరుగుడు తోట గారు అన్నది నిజమే, పొలం పీతలో కండ తక్కువ. అందుకే దాన్ని ఇగురు చేయకూడదు, పులుసు చేయాలి. మా అమ్మ పద్ధతి ఇది. పొట్ట కింది తలుపు విప్పి, వెనకవైపు నుంచి డిప్ప ఊడదీయాలి. రెండు పక్కలా బూడిద రంగులో ఈకల్లా ఉండేవి మొప్పలు, అవి పారేయాలి. మూతి దగ్గరి చిన్న సంచీ కూడా. డిప్పలో ఉన్న పసుపు గుజ్జును గరిటెతో తీసి పక్కన పెట్టుకోవాలి, పులుసుకు ప్రాణం అదే. ఒళ్ళు రెండుగా విరిచి ఉంచి, కాళ్ళన్నీ రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచి, రెండు గ్లాసుల నీళ్ళు పోసి పిసికి, పలుచటి గుడ్డలో వడకట్టాలి.

దాకలో నూనె, ఆవాలు కాదు మెంతులు నాలుగు, ఉల్లి, పచ్చిమిర్చి చీలికలు, అల్లం వెల్లుల్లి నూరినది. పీత ముక్కలు వేసి ఎర్రబడేదాకా తిప్పి, పసుపు, కారం, ధనియాల పొడి. అప్పుడు వడకట్టిన కాళ్ళ రసం, నిమ్మకాయంత చింతపండు పులుసు. దించబోయే ముందు పసుపు గుజ్జు కలపాలి. టమాటా వేసేవాళ్ళతో నాకు మాటలు లేవు.

పల్లె వైద్యురాలు
మార్చి 12, మధ్యాహ్నం 12:20

మట్టిదాక గారూ, నోరూరిస్తూనే భయపెట్టారు. రెండు చోట్ల అడ్డుపడతాను.

మంచినీటి పీతల్లో, క్రేఫిష్‌లో కూడా, ఊపిరితిత్తులకు చేరే ఒక పరాన్నజీవి పిల్ల దశలో దాగి ఉండవచ్చు. పచ్చిగానో సగం ఉడికించో తింటే అది కడుపులోంచి ఊపిరితిత్తులకు చేరుతుంది. నెలల తరబడి దగ్గు, కళ్ళెలో నెత్తురు. మణిపూర్ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో ఇలాంటి రోగులకు క్షయ అనుకుని మందులు ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. మన వైపు పీతను పచ్చిగా తినే అలవాటు లేదు, అదృష్టం. కానీ పచ్చి కాళ్ళు రోట్లో దంచితే ఆ రసం చేతులకు, పొత్రానికి, పక్కన తరిగిన ఉల్లిపాయకు అంటుతుంది. తరువాత అదే రోట్లో పచ్చడి నూరితే? అందుకే కాళ్ళను ముందు పది నిమిషాలు మరిగే నీళ్ళలో ఉడికించండి, ఆ తరువాత దంచండి. రెండోది, పసుపు గుజ్జును దించబోయే ముందు కాదు, ఇంకా చాలాసేపు ఉడికే సమయం ఉండగానే వేయండి.

పిల్లల కాళ్ళకు పుండ్లు, గీతలు ఉంటే పొలం నీళ్ళలో దింపవద్దు. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే జ్వరం తేలికైనది కాదు. ఎప్పుడూ రొయ్యలు, పీతలు తినని పిల్లలకు మొదట కొంచెమే పెట్టి చూడండి, దద్దుర్లు, ఆయాసం వంటివి వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళడంలో ఆలస్యం చేయకండి.

మట్టిదాక
మార్చి 12, మధ్యాహ్నం 1:05

మా అమ్మ ఎనభై రెండేళ్ళు బతికింది, పచ్చి కాళ్ళు దంచే.

పల్లె వైద్యురాలు
మార్చి 12, మధ్యాహ్నం 1:40

ఆమెకు నా నమస్కారాలు. రోలు కడిగేది కూడా ఆమే అయి ఉంటుంది. మీ ఇంట్లో ఇప్పుడు ఎవరు కడుగుతారు?

మట్టిదాక
మార్చి 14, రాత్రి 9:00

ఆదివారం ఉడికించి దంచాను. రుచి తగ్గలేదు. ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు, అందుకే రెండు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను.

వైనతేయ ఒడ్డు
మే 30, రాత్రి 11:15

పాత చర్చను మళ్ళీ లేపుతున్నందుకు మన్నించండి. ఒక చిక్కు వచ్చింది. మా అమ్మాయి పీతలు పడతానంటుంది కానీ ప్రాణంతో మరిగే నీళ్ళలో వేయడానికి ఒప్పుకోదు. పోయినేడు అక్కడ చూసి రాత్రంతా నిద్రపోలేదు. అలాగని తినడం మానదు. ఏమి చెప్పాలి?

రిటైర్డు లస్కరు
మే 31, ఉదయం 7:30

సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అని ఊరికే అన్నారా. పిల్లది పీత కష్టం కూడా చూస్తోంది. మంచి పిల్ల.

చేపల పాఠం
మే 31, ఉదయం 10:10

దారి ఉంది. పీతలను గోనెసంచీలో చుట్టి, పగలగొట్టిన ఐసు ముక్కల మధ్య అరగంట ఉంచండి. చలికి కదలిక ఆగి, స్పృహ లేనట్టు అవుతాయి. అప్పుడు పొట్ట తలుపు ఎత్తి, దాని కింద నడిమికి సూటిగా సన్నటి ఇనుప పుల్లతో ఒక పోటు, మూతి వైపు కళ్ళ మధ్య ఇంకొక పోటు. పెద్దవాళ్ళు చేయాలి. అప్పటిదాకా మాత్రం ప్రాణంతో ఉండాలి. చచ్చిన పీత త్వరగా చెడిపోతుంది, దాన్ని వండకూడదు. బకెట్ నిండా నీళ్ళు పోసి అందులో వేయకండి, ఊపిరాడక చస్తాయి. తడి గడ్డి పరిస్తే చాలు.

బకెట్లో పీతల కథ ఒకటి ఉంది, మన జాతి గురించి. ఆ కథ ఇక్కడ ఎవరూ చెప్పకండి, విని విని చెవులు నొప్పెడుతున్నాయి.

వైనతేయ ఒడ్డు
జూలై 21, రాత్రి 10:50

వచ్చాం, పట్టాం, తిన్నాం. వివరంగా రాస్తాను, బోలెడు సలహాలిచ్చిన మీకు లెక్క చెప్పాలి కదా.

మూడెకరాల రైతు గారి చేను మా ఊరికి అరగంట దూరమేనని తేలింది. ఫోను చేస్తే, ఇంకా గుళికలు వేయలేదు, ఈ వారంలోనే రండి అన్నారు. శనివారం మధ్యాహ్నం ఉరుములతో ఒక జల్లు పడింది. నాలుగున్నరకు వెళ్ళాం. నేను, నా భార్య, పిల్లలు, మా అమ్మ, ఒక బకెట్, రెండు వెదురు బుట్టలు. అమ్మ రానక్కరలేదని చెప్పాను. ఆమె అప్పటికే చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆటో ఎక్కి కూర్చుంది.

మొదటి గంటలో ఒక్కటి కూడా దొరకలేదు. నేను కొస వణకగానే లాగేస్తున్నాను, రైతు గారు గట్టు మీద నుంచి "ఉయ్యాల, ఉయ్యాల" అని అరుస్తున్నారు. మా అబ్బాయికి ఓపిక లేదు కాబట్టి వాడికి దొరకదనుకున్నాను. వాడేమో కొస వదిలేసి, బోదె పక్కన బోర్లా పడుకుని పీతతో మాట్లాడుతున్నాడు. స్వీడిష్‌లో. ఎంతసేపు మాట్లాడాడో, తరువాత నెమ్మదిగా కొస పైకి తీస్తే చివర పీత! ఎర వదలకుండా వేలాడుతోంది. వాళ్ళ నాయనమ్మ బుట్ట అడ్డం పెట్టింది. అక్కడినుంచి నాయనమ్మ, మనవడు ఒక జట్టు. నన్ను ఎవరూ పట్టించుకోలేదు.

నేను పట్టిన మొదటిది నా బొటనవేలిని పట్టింది. వెనకనుంచి, డిప్పకు రెండు పక్కలా పట్టుకోవాలని తెలుసు. తెలిసినది వేళ్ళకు గుర్తు రావాలి కదా. విదిలిస్తే ఇంకా బిగించింది. చెయ్యి నీళ్ళలో పెట్టమని అమ్మ అంటే పెట్టాను, క్షణంలో వదిలి వెళ్ళిపోయింది. అలా ఒకటి తగ్గింది.

చీకటి పడుతుండగా మా అమ్మాయికి ఒక పెద్దది దొరికింది. పద్ధతిగా వెనకనుంచి పట్టుకుని వెల్లకిలా తిప్పింది, ఆడదో మగదో చూడడానికి. ఆడదానికి పొట్ట తలుపు వెడల్పుగా, మగదానికి సన్నగా ఉంటుందని నేర్పాను. ఈ తలుపు వెడల్పుగా ఉంది, సరిగ్గా మూసుకోవడం లేదు. టార్చి దగ్గరగా పెట్టి వేలితో కొంచెం ఎత్తింది. లోపల మెంతి గింజలంత పీతలు! గుడ్లు కావు, పీతలే. కాళ్ళతో, డెక్కలతో, ఒకదాని మీద ఒకటి. వెలుతురు పడగానే అన్నీ ఒక్కసారి లోపలికి సర్దుకున్నాయి. ఒకటి మాత్రం దారి తప్పి అమ్మాయి వేలి మీదకు వచ్చింది. ఆ వేలు అలాగే పట్టుకుని, ఊపిరి బిగబట్టి, దాన్ని తిరిగి తల్లి దగ్గరికి నడిపించింది. నేను చిన్నప్పుడు ఎన్నో పీతలను చూశాను కానీ వాటిని తిప్పి ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. ఆ తల్లిని తీసిన చోటే వదిలాం. తరువాత గుడ్లతో ఉన్నవి రెండు దొరికితే అవీ వదిలాం.

మిగిలినవి పదకొండు. ఐదుగురికి పదకొండు పొలం పీతలు అంటే మట్టిదాక గారు నవ్వుతారు. రైతు గారి పాకలో కొబ్బరి మట్టలతో పొయ్యి వెలిగించాం. తడిసిన మట్టలు కాబట్టి పొగకు అందరం ఏడ్చాం. ఐసు, ఇనుప పుల్ల పని నేను పాక వెనక చేశాను. అమ్మాయి వచ్చి ఒకటి చూసింది, సరేనని వెళ్ళిపోయింది. కాళ్ళు ఉడికించే దంచాం, వైద్యురాలి గారి ఆన. గుజ్జు ముందే కలిపాం. పులుసు బాగా తెర్లాక ఇంకో ఇరవై నిమిషాలు దించనివ్వలేదు. అన్నంలో పులుసు కలుపుకుని తింటూ మా అబ్బాయి కారానికి ముక్కు కారుతున్నా ఆపలేదు. డిల్ పువ్వుల కన్నా ఇదే బాగుందా అని అడిగితే, "ఇది వేడిగా ఉంది" అన్నాడు. అంతకన్నా తేల్చలేదు.

మర్నాడు మా అమ్మ వీధిలోకి బుట్ట తెచ్చే ఆమె దగ్గర నీలకంఠ రొయ్యలు నాలుగు కొన్నది. ధర చెప్పను, రిటైర్డు లస్కరు గారికి గుండె ఆగుతుంది. వాటి నీలం డెక్కలు చూసి పిల్లలిద్దరూ "క్రేఫిష్!" అని గంతులేశారు.

మట్టిదాక
జూలై 22, ఉదయం 8:20

పదకొండైనా రెండు పూటలకు పులుసు వచ్చేది, చిక్కబరిచి ఉంటారు. రొయ్యలను ఎలా వండారు? మంచినీటి రొయ్య చచ్చాక తలకాయ అలాగే ఉంచితే కండ మెత్తబడి పిండిలా అయిపోతుంది, వెంటనే తీశారా?

వైనతేయ ఒడ్డు
జూలై 22, ఉదయం 8:55

అమ్మ కొన్న అరగంటలో తీసింది. తలకాయల గుజ్జు విడిగా వేయించింది. మామిడికాయ ఎండు ఒరుగులు వేసి ఇగురు. టమాటా వేయలేదు, ప్రమాణం.

రిటైర్డు లస్కరు
జూలై 22, ఉదయం 9:30

ధర చెప్పకపోయినా గుండె సగం ఆగింది. మేము వాటిని ఊరికే పంచుకునేవాళ్ళం. ఒక్క ఏడాదైనా పిల్లలను ఏప్రిల్‌లో తీసుకురా బాబూ. చీర నేను తెస్తాను.

మూడెకరాల రైతు
జూలై 23, ఉదయం 6:15

ఒక సందేహం. తల్లి పీతను తీసిన చోటే వదిలామన్నారు కదా. అంటే తూర్పు గట్టు, కొబ్బరి చెట్టు దగ్గరేనా? ఇవాళ తెల్లవారి చూస్తే సరిగ్గా అక్కడే గట్టు కారుతోంది. పక్కవాడు అప్పుడే వచ్చి నిలబడ్డాడు.

వైనతేయ ఒడ్డు
జూలై 23, ఉదయం 6:40

అక్కడే. బాబ్బాబూ, ఆ కన్నం ఇంకో నాలుగు రోజులు పూడ్చకండి. శనివారం వచ్చి నేనే మట్టి వేస్తాను. అమ్మాయి ఆ పిల్లలు పెద్దవైపోయాయో లేదో చూడాలంటోంది.

మూడెకరాల రైతు
జూలై 23, ఉదయం 6:52

సరే. పక్కవాడికి ఏమి చెప్పాలో అది కూడా పాపనే అడిగి చెప్పండి.